నేల మీదే విమానం నడపడం నేర్పిన ఎడ్విన్ లింక్

1920లో కాలిఫోర్నియాలో ఒక కుర్రాడు 50 డాలర్లు కట్టి తొలి విమాన పాఠానికి వెళ్లాడు. పదహారేళ్ల వయసు. అప్పట్లో 50 డాలర్లు చిన్న మొత్తమేమీ కాదు. ఆ ఫ్లయింగ్ స్కూల్ సిడ్నీ చాప్లిన్‌ది, అంటే సినిమా నటుడు చార్లీ చాప్లిన్‌కు తల్లి వైపు అన్నది. ఇన్‌స్ట్రక్టర్ కుర్రాణ్ని ఎక్కించుకుని పైకి తీసుకెళ్లాడు. గిరగిరా తిప్పాడు, తలకిందులు చేశాడు, కంటపడిన ప్రతిదాని మీదుగా తాకీతాకనట్టు పోనిచ్చాడు. గంట కావస్తుండగా కిందికి దించాడు. వాంతి కాలేదు, అదొక్కటే అదృష్టం. నేల మీద కాలు పెట్టాక కుర్రాడికి ఒక సంగతి తట్టింది. అంతసేపట్లో తన చెయ్యి ఒక్కసారి కూడా కంట్రోల్ స్టిక్ మీద పడలేదు. డబ్బు ఇచ్చింది నేర్చుకోవడానికి, దొరికింది షికారు.

ఆ కుర్రాడి పేరు ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్. మరో తొమ్మిదేళ్లకు ఆయన చెక్కతో, తోలు తిత్తులతో చేసిన ఒక పెట్టె విమాన శిక్షణ రూపాన్నే మార్చేసింది. ఎయిర్‌లైన్లు కోట్ల రూపాయలు పోసి కొనే సిమ్యులేటర్లకూ, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద నడిచే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కూ మూలపురుషుడు ఆ పెట్టే.

లింక్ తొలి పాఠాన్ని ఇవాళ ఇంట్లో సిమ్యులేటర్ పెట్టుకున్నవాళ్లలో చాలామంది తమకు తామే మళ్లీ చెప్పుకుంటున్నారు. మొదటి రోజే బోయింగ్ 747 ఎక్కుతారు. సొంత ఊరి మీదుగా తిప్పుతారు, వంతెన కింద దూరుస్తారు, ఎక్కడో గుద్దేస్తారు, మళ్లీ మొదలుపెడతారు. సరదాగానే ఉంటుంది. నెల తిరిగేసరికి విసుగొస్తుంది. ఏం నేర్చుకున్నామని చూసుకుంటే చేతిలో ఏమీ ఉండదు. షికారుకీ పాఠానికీ ఉన్న తేడాను యంత్రంలోకి తేవడానికి లింక్‌కు పద్నాలుగేళ్లు పట్టింది. ఆ ఆలస్యానికి యంత్రం ఒక్కటే కారణం కాదు.

ఆర్గాన్ తిత్తుల నుంచి

లింక్ 1904 జులై 26న ఇండియానా రాష్ట్రంలోని హంటింగ్టన్‌లో పుట్టారు. 1910లో ఆయన తండ్రి న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో దివాలా తీసిన ఒక వాద్యాల కంపెనీని కొన్నారు. అదే తర్వాత లింక్ పియానో అండ్ ఆర్గాన్ కంపెనీ అయింది. మనిషి అవసరం లేకుండా తమంతట తాము మోగే పియానోలు, మూకీ సినిమాల కాలంలో థియేటర్లలో పెట్టే పెద్ద ఆర్గాన్లు అక్కడ తయారయ్యేవి.

ఈ వాద్యాలన్నిటికీ ప్రాణం గాలి. మన హార్మోనియంలో వాయించేవారు ఒక చేత్తో వెనక తిత్తిని ఊపుతూ ఉంటారు కదా, అలాంటి తిత్తులే అక్కడా ఉంటాయి. కాకపోతే వాటిని ఊపేది మోటారు. ఒక కాగితం చుట్టలో వరసగా రంధ్రాలు ఉంటాయి. రంధ్రం వచ్చిన చోట గాలి లోపలికి పోతుంది, ఒక చిన్న తిత్తి ముడుచుకుంటుంది, దానికి కట్టిన మీట కదిలి స్వరం పలుకుతుంది. గాలిని ఎంత పీలిస్తే ఏ తిత్తి ఎంత ముడుచుకుంటుందో, ఎంత వేగంగా ముడుచుకుంటుందో లింక్‌కు చిన్నప్పటి నుంచీ చేతివాటంగా వచ్చు. పెద్ద చదువులేవీ ఆయన చదవలేదు. ఫ్యాక్టరీయే కాలేజీ.

పని ఒకవైపు, ఎగరాలనే పిచ్చి ఒకవైపు. దొరికిన ప్రతి డాలరూ విమానాల మీద పోసి మొత్తానికి పైలట్ అయ్యారు. 1920ల చివర్లో సెస్నా కంపెనీ అమ్మిన తొలి విమానం ఆయన చేతికే వచ్చిందని చెబుతారు. ఊరూరా తిరిగి జనాన్ని ఎక్కించుకోవడం, అద్దెకు నడపడం, పాఠాలు చెప్పడం, ఇలా పొట్టపోసుకునేవారు. పాఠం చెప్పే దగ్గర మళ్లీ అదే పాత చిక్కు. విమానం గాల్లో ఉన్న ప్రతి నిమిషం ఖర్చే. ఇంజిన్ హోరులో చెప్పింది వినపడదు. శిష్యుడు తప్పు చేస్తే ఆగి, వెనక్కి వెళ్లి, ఎక్కడ తప్పిందో చూపించే వీలుండదు. ఈత నేర్చుకునేవాణ్ని తిన్నగా నడిసముద్రంలోకి తోసినట్టే.

1927 నుంచి సుమారు ఏడాదిన్నర పాటు, ఫ్యాక్టరీ కింది అంతస్తులో లింక్ తన యంత్రం మీద కూర్చున్నారు. పొట్టి రెక్కలు, పొట్టి తోక ఉన్న చెక్క విమానం. ఎటైనా వాలగలిగే కీలు మీద దాన్ని నిలబెట్టారు. అడుగున నాలుగు ఆర్గాన్ తిత్తులు. లోపల కూర్చున్నవాడు స్టిక్ వెనక్కి లాగితే గొట్టాల్లో గాలి ఒత్తిడి మారి, ఒక తిత్తి ఉబ్బి, ఎదుటిది ముడుచుకుని ముక్కు పైకి లేస్తుంది. పక్కకు నొక్కితే పక్కకు వాలుతుంది. కాలి పెడల్ తొక్కితే పియానో రోల్‌ను తిప్పే గాలి మోటారు లాంటిదే మరొకటి మొత్తం పెట్టెను గుండ్రంగా తిప్పుతుంది. తర్వాతి కాలంలో నీలం రంగు వేయడంతో దానికి నీలి పెట్టె అనే పేరు స్థిరపడింది.

నేల మీద విమాన శిక్షణ అనే ఆలోచన లింక్ ఒక్కరిదే అనుకుంటే పొరపాటు. 1910 ప్రాంతంలోనే ఫ్రాన్స్‌లో ఆంటోనెట్ కంపెనీ వాళ్లు పీపా ముక్కల మీద మనిషిని కూర్చోబెట్టి, సహాయకులు చేతులతో ఊపుతుంటే తూకం నిలుపుకోవడం నేర్పారు. ఇంగ్లండ్‌లోనూ అలాంటి ప్రయత్నాలు జరిగాయి. కాకపోతే వాటిలో ఊపేది మరో మనిషి, లేదా బయటి గాలి. లింక్ పెట్టెలో స్టిక్ కదిపిన చేతికే పెట్టె బదులిచ్చింది.

సంతలో బొమ్మ

1929లో లింక్ పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1931లో మంజూరైంది. ఆ పేటెంటు పేరులోనే ఆయన ఇబ్బంది అంతా కనిపిస్తుంది. కొత్తగా విమానం నేర్చుకునేవారికి శిక్షణ సాధనం, దాంతోపాటే వినోద యంత్రం అని రెండూ కలిపి రాశారు. శిక్షణ సాధనంగా కొనేవాడు లేడు. ఫ్లయింగ్ స్కూళ్లవాళ్లు నవ్వారు, సైన్యం పట్టించుకోలేదు. విమానం నడపడం అనేది ఒంటి స్పర్శతో, ముఖ్యంగా కూర్చున్న చోట తెలిసే ఒత్తిడితో వచ్చే విద్య అనేది అప్పటి పైలట్ల నమ్మకం. చెక్క పెట్టెలో కూర్చుంటే అది వస్తుందా అని వాళ్ల వెటకారం. వినోద యంత్రంగా మాత్రం అమ్మకం సాగింది. పార్కుల్లో, సంతల్లో నాణెం వేస్తే ఊగే బొమ్మగా లింక్ ట్రైనర్ జనానికి తెలిసింది.

వాళ్లు నవ్వడంలో కొంత న్యాయం లేకపోలేదు. తొలి పెట్టెలో కూర్చున్నవాడు వాలడం, లేవడం, తిరగడం నేర్చుకుంటాడు, అంతే. ఎంత ఎత్తులో ఉన్నాడో, ఎటు పోతున్నాడో, ఎక్కడికి చేరాడో అందులో లేదు. చేతివాటం వస్తుంది, పద్ధతి రాదు.

ఈలోపు ఇల్లు గడవడం కష్టమైంది. టాకీలు వచ్చి థియేటర్లలో ఆర్గాన్ల గిరాకీని తినేశాయి. ఆ వెంటే ఆర్థిక మాంద్యం. లింక్ 1930లో బింగ్‌హామ్టన్‌లో ఫ్లయింగ్ స్కూల్ పెట్టి, తన పెట్టె మీదే పాఠాలు మొదలుపెట్టారు. 1931లో మారియన్ క్లేటన్‌ను పెళ్లాడారు. ఆమె పత్రికలకు రాసేవారు. ఆయన చేసిన ప్రతి పనిలో చివరిదాకా భాగస్వామి. రాబడి కోసం లింక్ తన విమానం రెక్కల అడుగున బల్బులు బిగించి, పియానో కాగితం చుట్టతోనే వాటిని వెలిగించి ఆర్పుతూ, రాత్రుళ్లు ఊళ్ల మీద చెప్పుల కంపెనీ ప్రకటనలు చూపించారు. జనం తలెత్తి చూడాలని ఆర్గాన్ గొట్టాలు కూడా బిగించి మోగించారు. నవ్వొచ్చే ఉపాయమే. కానీ రాత్రిపూట, మబ్బుల్లో, నేల కనపడకుండా ఎగరడమంటే ఏమిటో తెలిసినవాళ్లు అప్పట్లో తక్కువ.

చెవి చెప్పే అబద్ధం

మబ్బులో దూరిన పైలట్‌కు ఏమవుతుందో ఒక్క నిమిషం చూద్దాం. మనిషి తూకం లోపలి చెవిలో ఉంటుంది. అక్కడి సన్నటి గొట్టాల్లో ద్రవం కదిలితే మనం తిరుగుతున్నట్టు తెలుస్తుంది. విమానం మెల్లగా ఒక పక్కకు తిరగడం మొదలుపెట్టి అలాగే తిరుగుతూ పోతే, కొన్ని సెకన్లకు ఆ ద్రవం కూడా గొట్టాలతో సమానంగా తిరిగి స్థిరపడిపోతుంది. ఇక తిరుగుతున్నట్టు అనిపించదు. తిన్నగా పోతున్నాననుకుంటాడు. అప్పుడు విమానాన్ని నిజంగానే తిన్నగా చేస్తే, అవతలి పక్కకు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. దాన్ని సరిచేయబోయి మళ్లీ పాత మలుపులోకే తోస్తాడు. విమానం సుడి తిరుగుతూ కిందికి దిగుతుంది. ఎత్తు తగ్గుతోందని స్టిక్ వెనక్కి లాగితే సుడి ఇంకా బిగుస్తుంది. నేల కనిపించేసరికి టైం ఉండదు. గొప్ప గొప్ప పైలట్లూ ఇలాగే పోయారు. కూర్చున్న చోట తెలిసే విద్య మబ్బులో ప్రాణం తీసే విద్య.

దీనికి మందు అప్పటికే ఉంది. 1929 సెప్టెంబర్ 24న జిమ్మీ డూలిటిల్ కాక్‌పిట్ మీద ముసుగు కప్పుకుని, బయటికి ఒక్క చూపు చూడకుండా, పరికరాల సాయంతోనే విమానాన్ని ఎగరేసి, తిప్పి, దించారు. కానీ మామూలు సైనిక పైలట్‌కు ఆ విద్య నేర్పే ఏర్పాటు లేదు. గాల్లో నేర్పాలంటే ప్రమాదం, ఖర్చు రెండూ ఎక్కువే.

1934 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ ప్రభుత్వం, కాంట్రాక్టుల్లో అక్రమాలు జరిగాయంటూ ప్రైవేటు ఎయిర్‌లైన్ల నుంచి తపాలా పనిని లాగేసి సైన్యానికి అప్పగించింది. శీతాకాలం. మంచు తుపాన్లు. పగటి వెలుగులో, మంచి వాతావరణంలో ఎగరడం మాత్రమే అలవాటైన కుర్ర పైలట్లు రాత్రి పూట, పొగమంచులో తపాలా సంచులు వేసుకుని బయల్దేరారు. కొద్ది వారాల్లోనే సుమారు డజను మంది చనిపోయారు. ప్రమాదాలు పదుల్లో జరిగాయి. దేశమంతా గగ్గోలు పుట్టింది.

అప్పుడు సైన్యానికి పార్కుల్లోని పెట్టె గుర్తొచ్చింది. అప్పటికి లింక్ దానికి పరికరాలు బిగించి, పైన మూత పెట్టి, కళ్లు కట్టేసినట్టు నడపడం నేర్పేలా మార్చారు. ఫ్లయింగ్ స్కూల్ నడిపే కేసీ జోన్స్ ఆ యంత్రాన్ని అమ్మిపెట్టే బాధ్యత తీసుకున్నారు. న్యూయార్క్ పక్కనే ఉన్న నువార్క్‌లో సైనికాధికారులతో సమావేశం ఏర్పాటైంది. ఆ రోజు పొగమంచు ముంచేసింది. బింగ్‌హామ్టన్ నుంచి లింక్ విమానంలో రావాలి. ఈ వాతావరణంలో ఎవరొస్తారని అధికారులు లేచి వెళ్లబోతుండగా మంచులోంచి విమానం చప్పుడు వినిపించింది. లింక్ పరికరాలు చూసుకుంటూ వచ్చి దిగారు. ఇక యంత్రం గొప్పతనం గురించి చెప్పాల్సిన పని పెద్దగా మిగల్లేదు. ఒక్కోటి 3,500 డాలర్ల చొప్పున ఆరు ట్రైనర్లకు సైన్యం ఆర్డరు ఇచ్చింది. అవి ఆ ఏడాది జూన్‌లో చేరాయి.

పెట్టెలో పాఠం ఎలా సాగేది

సైన్యం కొన్నది పార్కుల్లోని బొమ్మకు దగ్గరి చుట్టమే. తిత్తులు అవే, కీలు అదే. మారింది లోపల, పక్కన ఉన్నవి.

లోపల గడియారాల్లాంటి పరికరాలు వచ్చాయి. వేగం, ఎత్తు, ఎంత వేగంగా దిగుతున్నాం లేదా లేస్తున్నాం, ఎటు తిరుగుతున్నాం, దిక్కు ఏది. పక్కన ఒక బల్ల, దాని ముందు ఇన్‌స్ట్రక్టర్. శిష్యుడి ముందున్న పరికరాల్లో ముఖ్యమైనవి ఆయన ముందూ ఉంటాయి. ఇద్దరికీ హెడ్‌ఫోన్లు, మైకు. బల్ల మీద మ్యాపు. ఆ మ్యాపు మీద మూడు చిన్న చక్రాల పరికరం ఒకటి పాకుతూ ఉంటుంది. దాన్ని పీత అనేవారు. పెట్టెలో కూర్చున్నవాడు ఎటు తిప్పితే పీత అటు తిరుగుతుంది, అతని వేగానికి తగ్గట్టు కదులుతుంది, సిరా గీత గీసుకుంటూ పోతుంది.

మొత్తం కథలో ఈ పీతే కీలకం అనిపిస్తుంది. గాల్లో చేసిన తప్పు గాల్లోనే కలిసిపోతుంది. ఎక్కడ గీత దాటామో పైలట్‌కే గుర్తుండదు, గుర్తున్నా ఒప్పుకోడు. పీత గీసిన గీత కాగితం మీద అలాగే ఉంటుంది. మూత తీసి బయటికి వచ్చిన శిష్యుడు, తాను తిన్నగా వచ్చానని ప్రమాణం చేయబోయి, వంకరటింకర గీత చూసి నోరు మూసుకునేవాడు. తప్పు కనపడింది, ప్రాణం పోలేదు. మళ్లీ ఎక్కి అదే దారి.

పాఠాల వరస ఇలా ఉండేది. మొదట మూత తెరిచే ఉంటుంది. ఎత్తు, దిక్కు, వేగం, ఈ మూడూ కదలకుండా నిలపడం ఒక్కటే పని. వినడానికి తేలిక. ఎత్తు చూస్తుంటే దిక్కు జారుతుంది, దిక్కు సరిచేస్తుంటే వేగం పడిపోతుంది. ఒకే ముల్లు మీద చూపు పాతకుండా అన్నిటి మీదా వరసగా తిప్పడం అలవాటు కావాలి. తర్వాత మలుపులు. సెకనుకు మూడు డిగ్రీల చొప్పున తిరిగితే వెనక్కి మళ్లడానికి సరిగ్గా ఒక నిమిషం, పూర్తి చుట్టుకు రెండు నిమిషాలు. నేటికీ ఇదే ప్రమాణం. చేతిలో గడియారం ఉంటే దిక్సూచి తడబడినా దారి తప్పనక్కర్లేదు. ఆ తర్వాత వేగం మారకుండా ఎక్కడం, దిగడం. ఇవన్నీ కుదిరాకే మూత పడేది.

మూత పడ్డాక రేడియో. అప్పటి విమాన మార్గాల్లో నేల మీది రేడియో కేంద్రాలు నాలుగు దిక్కులకు నాలుగు దారులు పరిచేవి. దారికి ఒక పక్కన ఉంటే చెవిలో ఒక పొట్టి కూత, ఒక పొడుగు కూత వినిపిస్తాయి. అది మోర్స్‌లో ఎ అక్షరం. మరో పక్కన ఉంటే పొడుగు ముందు, పొట్టి తర్వాత, అది ఎన్. సరిగ్గా దారి మీద ఉంటే రెండూ కలిసిపోయి ఒకే ఎడతెగని మోత. కేంద్రం నెత్తి మీదికి రాగానే శబ్దం ఆగిపోతుంది. ఇన్‌స్ట్రక్టర్ ఈ కూతలను బల్ల దగ్గరి నుంచే పంపేవాడు. శిష్యుడు ముందు తాను ఏ భాగంలో ఉన్నాడో తేల్చుకోవాలి, దారిని పట్టుకోవాలి, కేంద్రం దాటిన క్షణాన గడియారం చూడాలి, లెక్క ప్రకారం ముందుకు పోయి, వెనక్కి తిరిగి, ఇంత ఎత్తుకు దిగాలి. నిర్ణీత సమయానికి రన్‌వే కనిపించకపోతే? వెతుక్కుంటూ ఇంకాస్త కిందికి దిగకూడదు. పవర్ పెంచి పైకి వెళ్లిపోవాలి.

కొత్తవాళ్లకు అన్నిటికంటే కష్టంగా వచ్చేది ఈ చివరి అలవాటే. ఇంట్లో సిమ్యులేటర్ ముందు కూర్చున్నవాళ్లకు మరీ కష్టం, ఎందుకంటే కిందికి దిగితే పోయేదేమీ లేదు. మబ్బులోంచి బయటపడదామని మరో వంద అడుగులు, మరో వంద అడుగులు దిగుతారు. ఎక్కువసార్లు రన్‌వే దొరుకుతుంది కూడా. 1934లో తపాలా సంచులతో బయల్దేరిన కుర్రాళ్లు నేర్చుకోవాల్సినది, నేర్పేవాళ్లు లేకపోయినది ఇలాంటి అలవాట్లనే.

ఇవాళ్టి సిమ్యులేటర్లలో మబ్బుల అంచు మీద ఎండ ఎలా పడుతుందో కూడా కనిపిస్తుంది. లింక్ పెట్టెలో మూత పడ్డాక కనిపించేది చీకటి, కొన్ని ముళ్లు. అది నిజమైన విమానంలా పక్కాగా నడిచేదీ కాదు. చెయ్యి కాస్త గట్టిగా పడితే గాలి పోటుకు కుదుపులు వచ్చేవి. అయినా పైలట్లు తయారయ్యారు. కొత్తగా నేర్చుకునేవారు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టే ఖర్చులో, శ్రద్ధలో కొంత ఒక చిన్న సెస్నా మీద, ఒక చెక్‌లిస్టు మీద, తాము ఎగిరిన దారిని తర్వాత మ్యాపు మీద చూసుకోవడం మీద పెడితే లింక్ శిష్యులకు అందిన పాఠమే అందుతుంది. నేటి సిమ్యులేటర్లలోనూ ఎగిరిన దారిని గీసి చూపే సదుపాయం ఉంటుంది. అది పీతకు మనవరాలు. వాడేవాళ్లే తక్కువ.

యుద్ధం

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి లింక్ ట్రైనర్ లేని వైమానిక శిక్షణ లేదన్నంత పరిస్థితి. 10 వేలకు పైగా యంత్రాలు తయారయ్యాయి. అమెరికాలోనే సుమారు 5 లక్షల మంది వైమానిక సిబ్బంది వాటిలో కూర్చున్నారని అంచనా. కెనడాలో గననోక్వే అనే చిన్న ఊళ్లోనూ ఫ్యాక్టరీ నడిచింది. కామన్వెల్త్ దేశాల పైలట్లకు కెనడాలో శిక్షణ ఇచ్చిన భారీ పథకానికి ట్రైనర్లు అక్కడి నుంచే వెళ్లాయి. యుద్ధానికి ముందు ఇవి మామూలు వ్యాపార సరుకు కావడంతో జపాన్ నౌకాదళం కూడా కొనుక్కుంది. అంటే రేపు ఎదురెదురుగా ఎగరబోయే కుర్రాళ్లు కొందరు ఒకే రకం పెట్టెలో చదువుకున్నారన్నమాట.

బ్రిటన్ అడిగిన మీదట లింక్ మరో వింత కట్టడం చేశారు. అట్లాంటిక్ దాటే బాంబర్ల సిబ్బంది నక్షత్రాలను చూసి దారి తెలుసుకోవాలి. సుమారు 45 అడుగుల ఎత్తున్న గోదాం లాంటి బురుజులో, పైన తిరిగే చుక్కల గోపురం, మధ్యలో విమానం కాక్‌పిట్, కింద కదిలే నేల బొమ్మ. నావిగేషన్ నిపుణుడు ఫిలిప్ వీమ్స్‌తో కలిసి దీన్ని రూపొందించారు. ఒంటరి పైలట్ మాత్రమే కాదు, సిబ్బంది మొత్తం కలిసి ఒక ప్రయాణాన్ని నేల మీదే పూర్తి చేసేవారు.

ఎయిర్‌లైన్లు ఈ పద్ధతిని ఆ తర్వాత వదల్లేదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌ను హైదరాబాద్‌లో పెట్టింది. దశాబ్దాల పాటు ఆ సంస్థ పైలట్లు అక్కడి సిమ్యులేటర్లలో కూర్చుని పరీక్షలు ఇచ్చారు. టేకాఫ్ మధ్యలో ఒక ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలో ఏ ఎయిర్‌లైనూ నిజం విమానంలో నేర్పదు. సిమ్యులేటర్‌లోనే ఆపుతారు, మళ్లీ మళ్లీ ఆపుతారు.

నీళ్ల కింద

1954లో లింక్ కంపెనీ జనరల్ ప్రెసిషన్ అనే పెద్ద సంస్థలో కలిసింది. అపోలో వ్యోమగాములు చంద్రుడి మీదికి వెళ్లే ముందు సాధన చేసిన సిమ్యులేటర్లు ఆ లింక్ విభాగంలోనే తయారయ్యాయి. అప్పటికి ఎడ్విన్ లింక్ మనసు మరోచోటికి పోయింది. ఆకాశం వదిలి సముద్రం పట్టారు. మారియన్‌తో కలిసి మునిగిన ఓడలను వెతికారు. 1692 భూకంపంలో సముద్రంలో కుంగిపోయిన జమైకాలోని పోర్ట్ రాయల్ పట్టణాన్ని 1959లో గాలించారు.

తర్వాత మనిషి సముద్రం అడుగున రోజుల తరబడి ఉండగలడా అనే ప్రశ్న పట్టుకుంది. 1962లో ఫ్రాన్స్ తీరంలో, తాను చేసిన అల్యూమినియం గొట్టంలో 60 అడుగుల లోతున ముందు తానే ఎనిమిది గంటలు ఉండి చూశారు. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు. ఆ వెంటనే రాబర్ట్ స్టెన్యూయి 200 అడుగుల లోతున ఒక రోజుకు పైగా గడిపారు. 1964లో బహామాస్ దగ్గర స్టెన్యూయి, జాన్ లిండ్‌బర్గ్ ఇద్దరూ 432 అడుగుల లోతున 49 గంటలు ఉన్నారు. వాళ్లు ఉన్నది గాలి నింపిన రబ్బరు గుడారంలో. ఆర్గాన్ ఫ్యాక్టరీ కుర్రాడికి గాలి తిత్తుల మీద నమ్మకం పోలేదు.

ఆ తర్వాత జాన్సన్ సీ లింక్ అనే చిన్న జలాంతర్గామిని రూపొందించారు. ముందు భాగం అద్దంలా పారదర్శకంగా ఉండే అక్రిలిక్ గోళం. వెనక డైవర్ల కోసం అల్యూమినియం గది. 1973 జూన్ 17న ఫ్లోరిడాలోని కీ వెస్ట్ దగ్గర, చేపల కోసం కావాలనే ముంచిన ఒక పాత యుద్ధనౌక శిథిలాల్లో అది చిక్కుకుంది. లోతు సుమారు 360 అడుగులు. లోపల నలుగురు. వెనక గదిలో ఉన్న ఇద్దరిలో ఒకరు లింక్ కుమారుడు క్లేటన్, వయసు 31.

రక్షణ ప్రయత్నాలు ఒకదాని తర్వాత ఒకటి విఫలమయ్యాయి. అల్యూమినియం గోడల గుండా చలి లోపలికి పాకింది. ఊపిరితో వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవాల్సిన రసాయనం ఆ చలికి పనిచేయడం మానేసింది. ముందు గోళంలో చలి అంతగా సోకలేదు. ఒక రోజుకు పైగా గడిచాక జలాంతర్గామిని పైకి తేగలిగారు. ముందున్న ఇద్దరు బతికారు. క్లేటన్, ఆయన పక్కనున్న డైవర్ బతకలేదు.

తప్పు చేసినా ప్రాణం పోని చోటును లక్షల మందికి కట్టిచ్చిన మనిషి, అలాంటి చోటు లేని సముద్రం అడుగున కొడుకును పోగొట్టుకున్నారు. లింక్ ఆ వాహనాన్ని మూలన పడేయలేదు. దానిలో లోపాలు వెతికి సరిచేసే పనిలో పడ్డారు. కేబుల్‌తో కిందికి దించి, కెమెరాలతో చూస్తూ, చిక్కుకున్న జలాంతర్గామిని విడిపించగల ఒక మానవరహిత యంత్రాన్ని రూపొందించారు. సీ లింక్ జలాంతర్గాములు ఆ తర్వాత దశాబ్దాల పాటు పరిశోధనలకు పనిచేశాయి.

1980 నాటికి బ్రూస్ ఆర్ట్‌విక్ యాపిల్ కంప్యూటర్ మీద నడిచే తొలి ఫ్లైట్ సిమ్యులేటర్‌ను అమ్మకానికి పెట్టారు. తెర మీద కొన్ని గీతలు, కింద కొన్ని పరికరాలు. లింక్ 1981 సెప్టెంబర్ 7న బింగ్‌హామ్టన్‌లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆర్ట్‌విక్ రూపొందించిన దాన్నే మైక్రోసాఫ్ట్ తన పేరుతో విడుదల చేసింది. ఆట మొదలయ్యేసరికి విమానం షికాగోలోని మెగ్స్ ఫీల్డ్ రన్‌వే మీద ఆగి ఉంటుంది, కంట్రోల్స్ కొన్నవాడి చేతిలో ఉంటాయి.

బింగ్‌హామ్టన్‌లోని రాబర్సన్ మ్యూజియంలో ఒక నీలి పెట్టె ఇప్పటికీ ఉంది. 2000లో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం దాన్ని చారిత్రక యంత్రంగా గుర్తించింది. అదే మ్యూజియంలో లింక్ కంపెనీ తయారుచేసిన ఒక థియేటర్ ఆర్గాన్ కూడా ఉంది.